రోగరహిత మత్స్య మండలములు: డెన్మార్కు రైతుల అనుభవము

వరిచేనికి తెగులు సోకినచో రైతు దానిని తన కంటితో చూడగలడు. ఆకు పసుపెక్కును, వెన్ను తాలుపోవును. ప్రక్కచేని రైతును గట్టుమీద నిలిచి చూచి ముందుగనే జాగ్రత్తపడును. చేపల చెరువునకు రోగము వచ్చినప్పుడు అట్లు కాదు. రోగము నీటి అడుగున ముదురును. చచ్చిన చేప పైకి తేలునప్పటికి ఆ నీరు తూము దాటి, మురుగు కాలువలో బడి, క్రింది చెరువునకు చేరియే యుండును. కాబట్టి చేపల పెంపకమునందు ఒక రైతు చెరువులోని రోగము ఆ రైతుకు మాత్రమే సంబంధించినది కాదు.

మన సంఘ సమావేశమున ఒక సభ్యుడు నన్నిట్లు ప్రశ్నించెను: "అయ్యా, చెరువు నేను కౌలుకు తీసికొన్నది. పిల్లను నా సొమ్ముతో కొన్నాను. చేప చచ్చిన నష్టమును నాదే. ఇందులకు నలుగురును గూర్చుండి కట్టుబాట్లు చేసికొనుట యెందులకు?" ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి ఉపన్యాసముకన్న ఉదాహరణము మేలైన సమాధానము. చేపల రోగమును ఒక దేశము మొత్తమునుండి వెళ్లగొట్టిన డెన్మార్కు రైతుల చరిత్రము అట్టి ఉదాహరణము. దానిని సభ్యులకు ఇచట వివరించుచున్నాను.

మండలము, క్షేత్రము

మొదట రెండు మాటలను స్పష్టపరచుకొనవలెను. ఒక ప్రాంతమందలి నీటిలో ఫలానా రోగము లేదని పరీక్షల మూలమున నిరూపించి, అధికారులు ప్రకటించినచో దానిని రోగరహిత మండలము అందురు. ఇంగ్లీషున దీనినే జోను అని వాడుదురు. మండలమునకు హద్దు సర్వే రాయి కాదు, నీరే హద్దు. ఏరు పుట్టిన చోటు మొదలు సముద్రమున గలియు చోటి వరకు గల నీటి పట్టు అంతయు ఒక మండలము కావచ్చును. లేదా, ఏరు పుట్టిన చోటు మొదలుకొని, క్రింది చేప పైకి ఎక్కజాలని ఆనకట్ట వరకు గల భాగము ఒక మండలము కావచ్చును.

చుట్టుపట్ల నీటియందు రోగమున్నను ఒక్క క్షేత్రము మాత్రము రోగరహితముగ నుండుట గూడ సాధ్యమే. దీనిని కంపార్టుమెంటు అందురు. అయితే దీనికి షరతులు కఠినములు. ఆ క్షేత్రమునకు నీరు బోరుబావినుండి గాని, ఊటనుండి గాని, రోగక్రిములను చంపు ఏర్పాటు గల యంత్రమునుండి గాని రావలెను. ఏటి చేప లోనికి రాకుండ అడ్డు ఉండవలెను. వరద నీరు గట్టు దాటి లోనికి రాకుండ రక్షణ యుండవలెను. ఈ మూడును లేనప్పుడు పొరుగు నీటి గతియే ఆ క్షేత్రమునకును పట్టును.

ఇంకొక ముఖ్యాంశము. రోగరహితమనగా ఏ రోగమును లేనిదని అర్థము కాదు. ఫలానా రోగము లేదని మాత్రమే అర్థము. ఒక్కొక్క రోగమునకు వేరువేరుగ పరీక్ష చేయవలెను, వేరువేరుగ ప్రకటింపవలెను.

ఎగ్ట్వెడ్ రోగము

డెన్మార్కు ఉత్తర ఐరోపాలోని చిన్న దేశము, పల్లపు నేల. 1882లో హెడ్డింగు అను గ్రామమున పాల సహకార సంఘమును స్థాపించిన నాటినుండియు ఆ దేశపు రైతులు సహకారోద్యమమునకు పేరు పొందినవారు. అచటి జట్లాండు ప్రాంతమున చిన్న చిన్న యేళ్లు కలవు. వాని గట్టున మట్టి చెరువులు త్రవ్వి రెయిన్‌బో ట్రౌట్ అను చన్నీటి చేపను పెంచుదురు. ఏటికి అడ్డుకట్ట వేసి నీటిని చెరువులలోనికి మళ్లించుట, చెరువులనుండి ఆ నీటిని మరల ఏటిలోనికే వదలుట అచటి పూర్వపద్ధతి. అనగా పై రైతు వదలిన నీరే క్రింది రైతుకు ఆధారము. మన కాలువల క్రింద నున్న చెరువులకును ఈ వర్ణన చక్కగ సరిపోవును.

ఈ ట్రౌట్ చేపలకు రక్తస్రావ రోగమొకటి కలదు. జట్లాండులోని ఎగ్ట్వెడ్ అను గ్రామము పేరిట దీనిని ఎగ్ట్వెడ్ రోగమని పిలిచిరి. శాస్త్రజ్ఞులు వైరల్ హెమరేజిక్ సెప్టిసీమియా అందురు. వైరసు దీనికి కారణము. చేప నల్లబడును, కన్నులు ఉబ్బును, మొప్పలు పాలిపోవును, చర్మము క్రిందను కండయందును నెత్తురు చిమ్మును. చిన్న పిల్లలయందు ఇది ప్రవేశించినచో మిగులునవి బహు స్వల్పము. చల్లని నీటిలోనే ఇది విజృంభించును గాన మన బొచ్చె, శీలావతి చెరువులకు దీని భయము లేదు. అయినను ఇది వ్యాపించు మార్గములు మనకు తెలిసినవే. ప్రాణముతో తరలించిన చేప, పారు నీరు, తడి వల, బండి, మనిషి కాళ్ల బూట్లు, చేపను ముక్కున గరచుకొని పోవు పక్షి, ఇవియే ఆ మార్గములు. వీనిలో అతి ప్రమాదకరమైనది రోగమునుండి బ్రతికి బయటపడిన చేప. అది చూచుటకు ఆరోగ్యముగ నుండును గాని, తనలోని వైరసును ఇతర చెరువులకు మోసికొనిపోవును.

ఈ రోగమునకు మందు లేదు. మందులేని రోగమును చేప శరీరమున కాక, చెరువుల నడుమనే ఎదుర్కొనవలసి యుండును.

స్వచ్ఛందముగ మొదలై చట్టముగ మారినది

1965లో డెన్మార్కున ఈ రోగ నివారణ కార్యక్రమము ప్రారంభమైనది. అప్పటికి సుమారు 400 క్షేత్రములలో రోగమున్నదని ఎంచిరి. మొదట ఇది రైతులు తమంత తామై పాల్గొన్న స్వచ్ఛంద కార్యక్రమము. తరువాత దీనికి చట్టబలము చేకూరినది. పని విధానము సులభముగనే కనబడును. రోగమున్న క్షేత్రమును పూర్తిగ ఖాళీ చేయుట, శుభ్రపరచి క్రిమిసంహారము చేయుట, కొంతకాలము ఎండగట్టుట, పిమ్మట రోగము లేదని ధ్రువపరచిన పిల్లను మాత్రమే వదలుట. కాని దీనిని ఆచరించుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది.

అంత ఆలస్యమేల? ఒక రైతు తన చెరువులను శుభ్రపరచుకొన్నను, పైనున్న చెరువున రోగము మిగిలియున్నంత కాలము అతని శ్రమ నిలువదు. కాబట్టి ఒక్కొక్క క్షేత్రమును కాక, ఒక్కొక్క యేటి నీటిపట్టును లెక్కలోనికి తీసికొని, పరీక్షించి, అది శుభ్రమైన పిమ్మట రోగరహిత మండలముగ గుర్తించుచు వచ్చిరి. ఆ విధముగ ఒక యేటి తరువాత ఒక యేరు విముక్తి పొందెను. 2009 జనవరిలో కడపటిసారి రోగము బయటపడెను. ఆ సంవత్సరముననే మిగిలిన చోటులనుండి రోగమును నిర్మూలించుటకు తుది ప్రణాళికను చేపట్టిరి. 2013 నవంబరులో దేశమంతయు ఆ రోగమునుండి విముక్తమైనదని గుర్తింపు లభించెను. 1965లో చెరువును ఎండగట్టిన రైతులు తమ జీవితకాలమున ఈ ఫలమును చూచిరో లేదో, వారి మనుమలు మాత్రము తప్పక అనుభవించుచున్నారు.

చట్టము కోరునది యేమి?

ఐరోపా సమాఖ్య దేశములలో జలజీవుల ఆరోగ్యమునకు 2006లో ఒక శాసనము చేసిరి. ఇప్పుడు దాని స్థానమున 2016లో చేసిన జంతు ఆరోగ్య చట్టము 2021 ఏప్రిలు 21వ తేదీనుండి అమలున నున్నది. వీని వివరములు గ్రంథమంత కలవు. రైతు తెలిసికొనదగిన సూత్రములు మాత్రము అయిదు.

మొదటిది: ప్రతి క్షేత్రమును అధికారులవద్ద నమోదు కావలెను. ఎచ్చట చెరువున్నదో తెలియనిచో, రోగము ఎచ్చటనుండి వచ్చెనో తెలియదు.

రెండవది: రైతు పుస్తకము వ్రాయవలెను. ఏ తేదీన ఎవరివద్దనుండి పిల్ల వచ్చెను, ఎవరికి చేప పోయెను, ఏ చెరువున ఎన్ని చేపలు చచ్చెను, ఈ మూడును అందుండవలెను.

మూడవది: కారణము తెలియకుండ చేపలు మామూలుకన్న నెక్కువగ చచ్చినచో వెంటనే తెలియజేయవలెను. రోగము నిజమని తేలువరకు వేచియుండరాదు. అనుమానము చాలును.

నాలుగవది: అధికారులు క్షేత్రమును చూడవలెను. ప్రమాదము ఎక్కువగ నున్న క్షేత్రమును ఏటేట, తక్కువ యున్నచో అంతకన్న అరుదుగ చూచుట ఐరోపాలోని పద్ధతి. పిల్లను నలుదెసలకు అమ్ము హేచరీకి ప్రమాదము ఎక్కువ, చేపను పట్టి తిన్నగా బజారునకు పంపు చెరువునకు తక్కువ.

అయిదవది, అన్నిటికిని మూలమైనది: ప్రాణముతో నున్న చేప తనతో సమానమైన ఆరోగ్యస్థితి గల చోటికో, తక్కువ స్థితి గల చోటికో పోవచ్చును. తక్కువ స్థితి గల చోటినుండి రోగరహిత మండలములోనికి మాత్రము రాకూడదు. నీరు మెరకనుండి పల్లమునకు పారునట్లు, చేపయు మేలైన చోటినుండియే కదలవలెను. దారిలో బండి నీటిని మార్చునప్పుడు గూడ ఆ చోటి నీటిని చెరుపరాదు, ఆ చోటి నీటివలన చెడిపోరాదు.

మండలమును రోగరహితమని ప్రకటించుటకు ముందు ఆ ప్రాంతపు క్షేత్రములలో నియమిత కాలమున చేపలను పట్టి ప్రయోగశాలకు పంపి పరీక్షింతురు. పైని చెప్పిన ట్రౌట్ రోగమునకు ఈ పరీక్షలు సాధారణముగ రెండు సంవత్సరములు సాగును. తక్కువ చేపలను పరీక్షించినచో నాలుగు సంవత్సరములు పట్టును. "మా ఊరిలో రోగము లేదు" అని నోటితో చెప్పినంత మాత్రమున చాలదు. వెదకి చూచి లేదని తేల్చవలెను.

రోగము బయటపడినప్పుడు

అనుమానము కలిగిన మరుక్షణమున ఆ క్షేత్రమునుండి చేపల రాకపోకలు నిలిచిపోవును. పరీక్షలో రోగము లేదని తేలినచో పూర్వస్థితి మరల వచ్చును. ఉన్నదని తేలినచో ఆ క్షేత్రము చుట్టును నియంత్రణ ప్రాంతమును గీతురు. చచ్చిన చేపలను ఏరి భద్రముగ నాశనము చేయుదురు. చెరువులను ఖాళీ చేసి, శుభ్రపరచి, క్రిమిసంహారము గావించి, కనీసము ఆరు వారములు ఖాళీగ నుంచుదురు. రోగమున్నదని అధికారికముగ ప్రకటింపబడిన క్షేత్రములు ఆ ప్రాంతమున పెక్కులున్నచో, వానినన్నిటిని కనీసము మూడు వారములు ఏకకాలమున ఖాళీగ నుంచవలెను. ఈ ఏకకాలమను మాటను మన సభ్యులు గుర్తుంచుకొనవలెను. ఒకడు ఎండగట్టుచుండగా ఇంకొకడు నింపుచుండినచో ఇద్దరి శ్రమయు వ్యర్థమే.

కావలి విడువరాదు

రోగరహిత స్థితి ఒకసారి వచ్చినచో శాశ్వతమని తలపరాదు. ట్రౌట్ చేపలకే సోకు మరియొక వైరసు రోగము, రక్తోత్పత్తి కణజాలమును చెరచునది, డెన్మార్కున అంతవరకు ఎన్నడును లేకుండినది, 2021 మే నెలలో మొదటిసారిగ బయటపడెను. ఒక రోగమును వెళ్లగొట్టి ఎనిమిదేండ్లు గడువకముందే ఇంకొకటి తలుపు తట్టెను. అంతమాత్రమున పూర్వపు శ్రమ వృథా యని యెంచరాదు. పుస్తకములు, పరీక్షలు, అలవాట్లు ముందుగనే యున్న దేశము కొత్త రోగమును గుర్తింపగలదు. అవి లేని చోట రోగము వచ్చిన సంగతియే తెలియదు.

మన కాలువలకు ఇది వర్తించునా?

మన దేశమునకు బయటినుండి రోగములు వచ్చిన చరిత్ర మనకు క్రొత్త కాదు. 1988లో పుండ్ల రోగము దేశమున ప్రవేశించి కొరమీనును, పరిగను, ఇతర చేపలను వికృతపరచెను. 1994-95లో తెల్లమచ్చ రోగము మన కోస్తా రొయ్యల చెరువులను ఊడ్చివేసెను. 2009నుండి వనామీ రొయ్యను దేశములోనికి రానిచ్చినప్పుడు, ఆ పాఠమువలననే, తల్లి రొయ్యలను చెన్నైలోని క్వారంటైను కేంద్రమున నిలిపి పరీక్షించిన పిమ్మటనే హేచరీలకు వదలు నియమము చేసిరి.

ఇచట ఒక పొరపాటును తొలగింపవలెను. నిర్దిష్ట రోగములు లేని తల్లికి పుట్టిన పిల్ల రోగమును తట్టుకొనునదని కొందరు తలంచుచున్నారు. అది సరి కాదు. ఆ పిల్లలో రోగము లేదని మాత్రమే అర్థము. రోగమున్న నీటిలో వదలినచో దానికిని సోకును. శుభ్రమైన పిల్లకు శుభ్రమైన చెరువు తోడు కావలెను.

డెన్మార్కు యేళ్లవలె మన డెల్టా కాలువలను ఒక్కమారుగ రోగరహిత మండలముగ మార్చుట సులభము కాదు. మన కాలువలు ఒకదానితో నొకటి అల్లుకొని యున్నవి. వరదలు గట్లను దాటును. తెల్లమచ్చ వైరసు పీతలలోను, అడవి రొయ్యలలోను నిలిచియుండును. కావున మనము చిన్నదానితో ప్రారంభింపవలెను. బోరునీటితో నడుచు హేచరీ, గట్టి గట్లు గల నర్సరీ చెరువు, ఇవి రోగరహిత క్షేత్రములగుటకు యోగ్యములు. ఒకే మురుగు కాలువ మీద నున్న పది, పదునైదు చెరువులు, చట్టము ప్రకటింపకున్నను, తమలో తాము ఒక మండలమువలె నడచుకొనవచ్చును. డెన్మార్కు రైతులును 1965లో స్వచ్ఛందముగనే కదా మొదలిడిరి!

నా తప్పు ఒకటి

పరులకు బోధించుటకు ముందు నా సంగతి చెప్పుట ధర్మము. కొన్ని ఏండ్ల క్రిందట ఒక ఉదయమున నేనొక చెరువున వల వేయించి చేపల పెరుగుదలను చూపించితిని. ఆ చేపలకు పేను పట్టియుండెను. మధ్యాహ్నమునకు ఆ తడి వలతోనే రెండు మైళ్ల దూరమందలి వేరొక రైతు చెరువున ప్రదర్శనము చేసితిని. కొన్ని వారములకు అతని చేపలు గుంజలకు ఒరసికొనుచు నీటిపైకి ఎగురజొచ్చెను. పట్టి చూడగా పేను. ఆ పేను నా వల వెంటనే వచ్చెనని నిరూపింపజాలను. రాలేదని చెప్పుటకును నాకు నోరు రాదు. ఆ రైతు నన్ను ఒక్క మాట యనలేదు. "మీకు మాత్రమేమి తెలియును లెండి, అయ్యా" అని ఊరకుండెను. తెలిసియుండవలసినవాడను నేనే. నాటినుండి ఒక చెరువు వలను కడిగి, ఎండలో పూర్తిగ ఆరబెట్టనిదే మరియొక చెరువున దింపుట లేదు. చేప పేను ఐరోపా చట్టపు పట్టికలోని రోగము కాదు. అయినను వైరసు నడచు బాటయు అదియే.

సంఘము చేయదగిన పనులు

ఒకే కాలువ మీది సభ్యులు కూర్చుండి ఈ క్రింది కట్టుబాట్లు చేసికొందురుగాక.

1. పిల్లను పరీక్ష పత్రము గల హేచరీనుండియే కలసి కొనవలెను. బండి నీటిని కాలువలో పారబోయనీయరాదు.

2. ప్రతి చెరువునకు ఒక వల. అది సాధ్యము కానిచో, ఎండబెట్టిన వల మాత్రమే దింపవలెను.

3. చేపలు మామూలుకన్న ఎక్కువగ చచ్చినచో ఆ దినముననే క్రింది రైతులకును, సంఘ కార్యదర్శికిని, మత్స్యశాఖవారికిని తెలుపవలెను. జలజీవుల రోగములపై జాతీయ నిఘా కార్యక్రమము 2013లో మొదలైనది. 2023లో కేంద్ర ప్రభుత్వము రిపోర్ట్ ఫిష్ డిసీజ్ అను ఫోను యాపును ప్రవేశపెట్టెను. చదువుకొన్న మన పిల్లలు దీనిని సులభముగ వాడగలరు.

4. రోగమున్న చెరువు తూమును మూసియుంచవలెను. నీటిని శుద్ధి చేయనిదే వదలరాదు. చచ్చిన చేపను గట్టునకు దూరముగ గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను.

5. పట్టుబడి యైన పిమ్మట చెరువులన్నిటిని ఏకకాలమున ఎండగట్టుటకు తేదీని నిర్ణయించుకొనవలెను.

ఈ అయిదింటికిని ప్రాణము వంటిది ఆరవది. రోగమును ముందుగ చెప్పినవాడు చెడిపోరాదు. చేప చచ్చుచున్నదని తెలిసినచో కొనువాడు ధర తగ్గించును, పొరుగువాడు నిందించును. ఈ భయముననే కొందరు రాత్రివేళ తూమెత్తి, తెల్లవారునప్పటికి ఏమియు నెరుగనట్లుందురు. వారిని దూషించి ప్రయోజనము లేదు. ముందుగ తెలిపిన సభ్యునికి సంఘమునుండి పిల్లకై అప్పు, పాత బాకీకి గడువు, ఎండగట్టిన కాలమునకు కౌలులో కొంత సాయము దొరకునని నమ్మకము కలిగించినచో, అతడు తూమెత్తడు. అతడు తూమెత్తకున్నచో క్రింది పది చెరువులు మిగులును. ఆ పదిమందియు తలకొక కొంత వేసికొన్నను, పది చెరువుల నష్టముతో పోల్చిన అది ఏపాటిది?

కావున "నా చెరువునకు నలుగురి కట్టుబాటు ఎందులకు" అని యడిగిన సోదరునికి నా సమాధానమిది. చెరువు నీదే, గట్టు నీదే, నష్టమును నీదే. కాని నీ తూము దాటిన నీరు నీది కాదు, నీ తూములోనికి వచ్చు నీరును నీది కాదు. పైనున్న రైతు నీకు ముందుగ చెప్పవలెనని నీవు కోరుదువు గదా, క్రిందనున్న రైతుకు నీవును ముందుగ చెప్పవలెను. వచ్చు సమావేశమునకు మన కాలువ మీది చెరువుల పటమును వ్రాసి తెత్తును. ఎవరి నీరు ఎవరికి పోవుచున్నదో దానిమీద చూచి, ఎండగట్టుటకు తేదీని ఆనాడే నిర్ణయింతము. సభ్యులందరును దయచేసి రావలయునని ప్రార్థన.